అందరూ తలా ఒక గుక్క

ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. గోడకి ఆనుకోకండి, సున్నం కొత్తది, వీపుకి అంటుతుంది. గట్టిగా మాట్లాడితే నాకు ఆయాసం వస్తుంది, అందుకే దగ్గరికి రమ్మంటున్నాను. నాకు చదువు రాదు. మూడో తరగతిలో పలక పగిలింది, మళ్లీ కొనలేదు. కానీ చూసిందీ విన్నదీ మరిచిపోయే రకాన్ని కాదు. నేను చెప్పింది చెప్పినట్టు మా అమ్మాయి పద్మ రాస్తోంది. మధ్య మధ్యలో కలం ఆపి, "ఇది వద్దులేమ్మా, మామయ్యకి తెలిస్తే బాధపడతాడు" అంటోంది. రాయమన్నాను. పడనీ.

ఇంట్లో గుండె జబ్బు మనిషి, కాళ్లు వాచే మనిషి ఉన్నవాళ్లు ముందుగా వినండి. లేనివాళ్లు కూడా వినండి. రేపు ఎవరింట్లో ఏముంటుందో ఎవరికి తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది ఇది. నరసరావుపేటకి ఇవతల మా ఊరు. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది, మిరప మాత్రం నిలబడింది. మాఘమాసంలో కల్లంలో కాయ ఎండబోశాం. ఆ రోజుల్లో మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. కాయ తిరగేస్తున్నా, తాలుకాయ ఏరుతున్నా ఆ ఘాటు గొంతులోకి దిగి పిల్లా పెద్దా అందరూ దగ్గుతారు. నా దగ్గు ఆ దగ్గుల్లో కలిసిపోయింది. అదే నా ఖర్మ. వేరే ఊళ్లో పుట్టి, వేరే పంట పండించేదాన్నయితే నా దగ్గు నా ఒక్కదానిదే అయ్యేది, ఎవరో ఒకరు ఆగి వినేవాళ్లు.

"ఏం అంజమ్మక్కా, కాయ కల్లంలో ఉంటే ఘాటు నీ గుండెల్లో కాపురం పెట్టిందే" అని నవ్వేది నా పక్కన కాయలేరే ఎస్తేరు.

"కాయ అమ్ముడుపోతే అదీ పోద్దిలే" అనేవాడు మా ఆయన.

పొద్దుగూకేసరికి కాళ్లు వాచేవి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. మా తోడికోడలికి చూపిస్తే, "పొద్దస్తమానం నిలబడేదానికి కాళ్లు వాయక చెవులు వాస్తాయా" అంది. నిజమే కదా అనుకున్నాను. వెల్లకిలా పడుకుంటే ఎవరో గొంతు మీద కూర్చున్నట్టుండేది. గోతాలకి ఆనుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. అదీ కల్లం కాపలా కిందే జమ అయింది. "మా అంజమ్మ కాయని కనిపెట్టుకుని కూర్చుంటుంది" అని మా ఆయన నలుగురిలో గొప్పగా చెప్పాడు కూడా.

చిన్నప్పుడు నాకు కీళ్లు వాచి జ్వరం వచ్చి చాలాకాలం మంచంలో ఉన్నానట. అప్పుడే గుండె లోపలి కవాటం పాడైందని తర్వాత గుంటూరు డాక్టరు చెప్పాడు. అంతకాలం ఆ పాడైన గుండెతోనే పిల్లని కన్నాను, పొలం చేశాను, బస్తాలు ఎత్తాను.

ఆ జ్వరంలో నన్ను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి తిప్పింది మా అన్న వెంకటేశ్వర్లు. మా నాన్న చిన్నతనంలోనే పోతే నన్ను పెంచిందీ, పెళ్లి చేసిందీ ఆయనే. పర్చూరు వైపు మా పుట్టిల్లు. అన్న మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతదంతా మీరు ఒకలా వింటారు.

శివరాత్రికి ముందు నన్ను చూడవచ్చాడు. వచ్చీ రాగానే ముఖం చూసి, "ఏందే అంజీ, ఇట్టా పీక్కుపోయావు" అని మా ఆయన మీద లేచాడు. "బావా, నీ కాయ మీద ఉన్న శ్రద్ధ మా పిల్ల మీద లేదు." వెంటనే ఊళ్లో సూదిమందు వేసే ఆరెంపీని పిలిపించాడు. మా పల్లెల్లో నీరసమంటే గ్లూకోజు. మాత్ర మింగితే అది వైద్యం కాదు. దూలానికి సీసా వేలాడాలి, వచ్చేపోయేవాళ్లు చూడాలి. "మా అత్తకి రెండు ఎక్కించాం" అని కోడళ్లు వీధిలో చెప్పుకుంటారు. ఒకటి ఎక్కిస్తే పిసినారి ఇల్లు.

మొదటి సీసా అయిపోయింది. ఆరెంపీ నా కాళ్లకేసి చూసి నసిగాడు. "వాపు ఉందండీ. ఇంకోటి..."

"నీరసం వల్లేనయ్యా వాపు. ఒంట్లోకి బలమొస్తే అదే దిగుతుంది. పెట్టు రెండోది" అన్నాడు అన్న.

పెట్టాడు. అది సగానికి రాకముందే నా గొంతులో కుండలో నీళ్లు మరిగినట్టు బుడబుడమని మొదలైంది. గాలి లోపలికి పోదు. నోటి నుంచి నురగ వచ్చింది. సాగరు కాలవలో పడి కొట్టుకుపోయినవాళ్లని చూశాను గాని, ఇంట్లో మంచం మీద, పొడి బట్టలతో మునిగిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

జీపులో గుంటూరు తీసుకెళ్లారు. అన్న నా తల ఒళ్లో పెట్టుకుని పడుకోబెట్టాడు. నాకేమో పడుకుంటేనే ప్రాణం పోతోంది. లేవబోతే, "కదలమాకే తల్లీ, కదలమాకు" అని ఏడుస్తూ రెండు చేతులతో అదిమిపట్టాడు. అంత ప్రేమ నుంచి విడిపించుకునే బలం నాకు లేకపోయింది. దారి పొడుగునా ఆ చేతుల కిందే మునిగాను.

ఆ ఆసుపత్రి పేరు చెప్పను. లోపల చలి. పైన ట్యూబులైట్లు ఆర్పరు, పగలో రాత్రో తెలియదు. కాలివేళ్లు వాచి మెట్టెలు కోసుకుపోతుంటే కత్తిరించి తీశారు. ముత్తయిదువ మెట్టెలు కత్తిరిస్తారా అని బయట మా వదిన సీతమ్మ గోల పెట్టిందట. ఆ ముక్కలు మా ఆయన జేబులో వేసుకున్నాడు.

నన్ను చూసుకున్న నర్సు పేరు సునీత. చీమకుర్తి పిల్ల. వాళ్ల నాన్న అక్కడి గ్రానైట్ క్వారీలో కూలి. మెడలో దారానికి కట్టిన చిన్న సిలువ. నేను వచ్చిన క్షణాన ఆ పిల్ల చేసిన మొదటి పని మంచం తలవైపు ఎత్తి, నన్ను కూర్చున్నట్టు ఆనించడం. జీపు ఎక్కిన దగ్గర్నుంచి నేను చెయ్యబోయిందీ, అన్న చెయ్యనివ్వందీ అదే.

సూదుల్లో నీళ్లు దించే మందు ఇచ్చారు. నోటికి మాత్రం నీళ్లు బందు చేశారు. బొత్తిగా లేకుండా కాదు, కొలత పెట్టారు. మందు పోసే చిన్న ప్లాస్టిక్ గ్లాసుతో లెక్కగా పోసి సునీత చెప్పేది: "ఇవాళ్టికి మీ నీళ్లు ఇవేనమ్మా. మాత్రలకీ ఇందులోంచే. ఎప్పుడెప్పుడు తాగుతారో మీరే చెప్పండి, నేను దాచిపెడతా."

"ఇవి పిల్లి కూడా తాగదు కదే అమ్మాయ్."

"పిల్లికి గుండె బాగుంటుందమ్మా. అది ఎన్నయినా తాగుద్ది."

దాహం అంటే మీకు తెలుసనుకుంటున్నారేమో. ఎండలో మిరపతోటలో నడుం వంచినవాళ్లకి వచ్చేది దాహం కాదు. దానికి చివర కుండ ఉంటుంది. ఇది ఒళ్లంతా నీళ్లతో ఉబ్బిపోయి, నాలుక మాత్రం చెప్పుతోలులా ఎండిపోవడం. చర్మం వంకాయలా నిగనిగలాడేది, గీసుకుంటే నీరు కారేది. లోపల అన్ని నీళ్లు పెట్టుకుని గుక్కెడు నీళ్ల కోసం ఏడ్చాను.

సునీత తడిగుడ్డతో పెదాలు అద్దేది. పుక్కిలించి ఉమ్మడానికి నీళ్లిచ్చేది. "మింగారంటే గొంతు కదులుద్ది, నేను చూస్తానే ఉంటా" అని వేలు చూపించి బెదిరించేది. ఒక్కోసారి మంచుముక్క నాలుక మీద పెట్టేది, దాన్నీ లెక్కలో వేసేది. మడమల కింద దిండు పెట్టి, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పేది. ఉబ్బిన చర్మం ఒకచోటే నలిగితే పుండు పడుతుందట. మూత్రం సంచి కొలిచేది. పొద్దున్నే ఏమీ నోట్లో పడకముందు నన్ను పత్తిమూటలా తూచేది. తూకం తగ్గిన రోజు ఆ పిల్లే ముందు నవ్వేది. "చేలో నిలిచిన నీళ్లు తీస్తున్నామమ్మా. ఒకేసారి తీస్తే గట్టు తెగుద్ది, నెమ్మదిగా తీయాలి."

తూకం తగ్గుతూ వచ్చింది. నేనే నా చెయ్యి ఎత్తి ముక్కు గోక్కున్నాను. అది చిన్న సంగతి కాదు.

ఇక్కడ మా వైపు ఒక అలవాటు చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని చూడబోతే ఉత్త చేతులతో చూసి రారు. తమ చేత్తో ఏదో ఒకటి నోట్లో పోసి వస్తారు. రేపు ఆ మనిషి పోతే, "ఆఖరికి నా చేతి నీళ్లు తాగి పోయింది" అని చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే జన్మంతా వెలితి. మా వాళ్ల లెక్కలో నేను అప్పటికే పోయాను. నాకు సీసా వేలాడటం లేదు, నీళ్లు ఇవ్వడం లేదు, అంటే డాక్టర్లు ఆశ వదిలేశారని ఊరంతా పాకింది. ఆసుపత్రి మెట్ల మీద క్యారియర్లు విప్పుకుని తింటూ దినకర్మల దాకా మాట్లాడేశారని పద్మ తర్వాత చెప్పింది. పెద్దకర్మకి బూరెలా లడ్డూలా అనే విషయంలో తోడికోడలికీ మా వదినకీ మాటా మాటా వచ్చిందట.

పొద్దునా సాయంత్రం ఒక్కొక్కరినే లోపలికి వదిలేవాళ్లు. మంచానికి అడ్డంగా పచ్చతెర ఉండేది. నన్నొక్కదాన్నే కాదు, పక్క మంచాల్లో ఇంకొందరిని చూసుకోవాలి సునీతకి. ఆ పిల్ల అటు తిరగడం, వీళ్లు ఇటు వంగడం. మా పెద్దత్త తులసి నీళ్లు పోసింది. తోడికోడలు కొబ్బరినీళ్లు తెచ్చింది. శివరాత్రికి కొండకి వెళ్లొచ్చిన మా పిన్ని కోటప్పకొండ తీర్థం తెచ్చింది. ఎస్తేరు పాస్టరు గారు ప్రార్థన చేసిన నీళ్లు కొంగుచాటున తెచ్చి, "యేసయ్య నిన్ను లేపుతాడక్కా" అని పోసింది. ఎవరిని అడిగినా ఒకటే మాట. ఒక్క గుక్కేగా. నా ఒక్క గుక్కకి ఏమవుద్ది.

మీరు అడగవచ్చు, నువ్వెందుకు తాగావు అని. నాలుక అంగిటికి అంటుకుపోయిన మనిషి పెదాలకి గ్లాసు ఆనించి ఆ మాట అడగండి, చెప్తాను.

అన్న అందరిలాంటివాడు కాదు. ఆయనది ఒక్క గుక్క కాదు. రోజూ పర్చూరు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. తుండుగుడ్డలో చుట్టిన కూల్‌డ్రింక్ సీసా నిండా పుట్టింటి బావి నీళ్లు. తెర చాటున నా తల ఎత్తి పట్టుకుని, "మన బావి నీళ్లేనే అంజీ. తాగు. వీళ్లు నిన్ను ఎండబెడతున్నారు" అని కళ్లు తుడుచుకుంటూ పోసేవాడు.

తూకం మళ్లీ పెరిగింది. ఒక రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం. గొంతులో ఆ బుడబుడ మళ్లీ మొదలైంది. డాక్టరు వచ్చి, నా ముఖానికి మాస్కు బిగించి, అందరి ముందూ సునీతని నిలదీశాడు.

"కొలిచే ఇస్తున్నావా నువ్వు? లేక అడిగినప్పుడల్లా పోసేస్తున్నావా? ఇంత నీరు ఎక్కడి నుంచి వచ్చింది? రేపటికి తగ్గకపోతే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టాలి. ఈవిడ గుండెకి మిషను మీద నుంచి తిరిగి రావడం కష్టం. తెలుసా నీకు?"

"కొలిచే ఇస్తున్నాను సార్."

"అయితే గాల్లోంచి వచ్చాయా?"

ఆ పిల్ల తడిగుడ్డ తెచ్చి మాస్కు పక్కకి తీసి నా పెదాలు అద్దింది. "ఎవరైనా ఏమైనా పట్టిస్తున్నారామ్మా?" అని మెల్లగా అడిగింది. చెబుదామని నోరు తెరిస్తే దగ్గు తప్ప మాట రాలేదు. నా ఆయాసం చూసి భయపడి మాస్కు మళ్లీ పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం అన్న వచ్చేసరికి సునీత నా మంచం దగ్గర నుంచి కదలలేదు. తెర పక్కకి లాగి నిలబడింది.

"కొంచెం జరుగమ్మా, మా చెల్లెలితో మాట్లాడుకోవాలి" అన్నాడు అన్న.

"మాట్లాడండి. నేను ఇక్కడే ఉంటానండీ."

"ఎందుకు, మేమేమన్నా దొంగలమా? మనిషిని ఎండబెట్టి చంపేది మీరు, కాపలా మాకా?"

"నీళ్లు ఎక్కువైతేనే ఆమెకి ప్రమాదమండీ. ఊపిరితిత్తుల్లో చేరతాయి."

"నాకు చెప్పొచ్చావు. నీ కన్నతల్లికైతే ఇట్టాగే చేస్తావా?"

"మా అమ్మకైనా ఇంతే కొలిచి ఇస్తానండి."

"ఆ, మీవాళ్లు చేస్తారు. ఎంతకైనా తెగిస్తారు."

మెడలోని ఆ సిలువకేసి చూసి అన్నాడు ఆ మాట. దేని గురించో నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. తల దించుకుంది గాని పక్కకి జరగలేదు. కేకలకి డాక్టరు వచ్చాడు. అన్న ఆయన మీదికి తిరిగాడు.

"ఈ పిల్లని మార్చండి. లేదంటే ఇప్పుడే మా మనిషిని తీసుకుపోతాం. పోయేదేదో మా ఇంట్లో, మా నీళ్లు తాగి పోద్ది."

డాక్టరు పక్క మంచాలకేసి చూశాడు. గొడవ ఎవరికి కావాలి. "సునీతా, రేపట్నుంచి నువ్వు కింద వార్డుకి వెళ్లు" అన్నాడు. "ఈ పేషెంటు సంగతి వేరేవాళ్లు చూస్తారు."

నా సంగతి నాకు అర్థమైంది. ఇంటికి తీసుకుపోతే సాయంత్రానికి పోతాను. ఇక్కడ ఉంచినా, ఆ పిల్ల జరిగిన చోట అన్న చెయ్యి వస్తుంది, ఆ చేతిలో సీసా ఉంటుంది. నేను తాగుతాను. తాగకుండా ఉండలేను. అన్న చేతుల్లోనే పోతాను.

మాస్కు పక్కకి లాగాను. "అన్నయ్యా, ఆ తుండు విప్పు."

అన్న తుండుని చంకలోకి అదుముకున్నాడు.

"డాక్టరుగారూ, నీళ్లు ఆ పిల్ల ఇయ్యలేదు. మావాళ్లు పోశారు. తలా ఒక గుక్క పోశారు. మా అన్న సీసాతో పోశాడు." ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తెచ్చుకున్నాను. "మా ఆయన్నీ, మా అమ్మాయినీ తప్ప ఎవర్నీ లోపలికి రానియ్యొద్దు."

"నన్నుగూడానా?" అన్నాడు అన్న.

"ముందు నిన్నే అన్నయ్యా."

ఆయన తుండు విప్పాడు. సీసా మూత తీసి, నా కళ్లముందే నేల మీద వంచాడు. మొత్తం కారేదాకా పట్టుకున్నాడు. "పర్చూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చానే. ఈ పూటతో నీకు అన్న లేడనుకో" అని తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరైనా జారిపడతారని సునీత గుడ్డ తెచ్చి ఆ నీళ్లు తుడిచింది. డాక్టరు, "సరే, నువ్విక్కడే ఉండు" అన్నాడు. ఆయన ఆ పిల్లని తిట్టింది నలుగురిలో. పొరపాటు పడ్డానన్న మాట ఒక్కటి నలుగురిలో కాదు కదా, చాటుగా కూడా అనలేదు.

గొట్టం వేయాల్సిన పని పడలేదు. నీరు దిగింది. ఉగాది నాటికి ఇంట్లో ఉన్నాను, ఉప్పు లేని కూడు తింటూ. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు బయట బల్లల మీద జనం కిక్కిరిసి ఉంటే, ఎవరో ముసలాయన లేచి నాకు చోటిచ్చాడు. నా పక్కన వాచిన కాళ్లతో ఒకావిడ చెంబెడు మజ్జిగ తాగుతోంది. చెప్పబోయాను. "దాహానికి తాగనియ్యరా, నువ్వేం మనిషివమ్మా" అంది వాళ్ల కోడలు. సునీత గురించి అడిగితే ఒంగోలులో ఏదో ఆసుపత్రికి మారిపోయిందన్నారు. ఆ పిల్లకి నేను ఏమీ పెట్టలేదు. వచ్చేసేరోజు మా ఆయన స్వీటు పెట్టె డాక్టరు చేతికిచ్చాడు.

మా ఊళ్లో ఇప్పటికీ ఏమని చెప్పుకుంటారో తెలుసా? కోటప్పకొండ తీర్థంతో బతికానని మా పిన్ని, ప్రార్థనతో బతికానని ఎస్తేరు. నర్సు నీళ్లియ్యక చంపబోతే మేము పోసి బతికించామని మా తోడికోడలు. నేను ఎదురుగా ఉండగానే చెప్తుంది.

ఆ తర్వాత ఏడు అన్న కొడుకు పెళ్లి. శుభలేఖ పోస్టులో వచ్చింది. మేనత్తకి శుభలేఖ పోస్టులో పంపడం అంటే రావొద్దని. అయినా పద్మని తోడు తీసుకుని వెళ్లాను. పందిట్లో నన్ను చూసి అన్న వంటవాళ్ల వైపు వెళ్లిపోయాడు. మా వదిన ఎండన పడి వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇస్తోంది. వరసలో నా ముందామెకి ఇచ్చింది, నా తర్వాత ఆమెకి ఇచ్చింది.

"అదేంది, అంజమ్మకి ఇవ్వలేదే" అంది ఎవరో.

"ఆమెకి మా నీళ్లు పడవులేమ్మా. డాక్టర్లతో చెప్పి బయటికి గెంటిస్తుంది" అంది వదిన. నలుగురూ నవ్వారు. అన్నకి వినపడింది. గాడిపొయ్యి దగ్గర కట్టె ఒకటి ఎగదోసి, అటే తిరిగి నిలబడ్డాడు.

తలంబ్రాలయ్యేదాకా కూర్చున్నాను. అక్షింతలు వేసి బస్సెక్కాను. పర్చూరు స్టాండులో సోడా కొట్టు దగ్గర పద్మ గ్లాసులో సగమే పోయించి ఇచ్చింది. కొలిచే తాగాను. అన్న ఆ రోజులాగే ఆ మంచం దగ్గర మళ్లీ నిలబడితే మళ్లీ అదే మాట చెప్తాను. చెప్పి, మళ్లీ ఇలాగే ఏడుస్తాను.

ఇంక లేవండి, దీపాలవేళ అవుతోంది, మీ ఇళ్లల్లో పనులుంటాయి. మీ ఇంట కుండ ఎప్పుడూ నిండి ఉండాలి, దాన్ని కొలిచి తాగే గతి ఎవరికీ పట్టకూడదు. పట్టినా, కొలిచి పోసే చేతిని కసిరే మనిషి మీ ఇంట పుట్టకూడదు. మీ తోడబుట్టినవాళ్లు మీ గడపకి రాకుండా పోయే రోజు మీకు రాకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.